పేరు తీసేవారే కారణం చెప్పాలి

సంపాదకుడికి,

ఓటరు జాబితాల ప్రత్యేక సమగ్ర సవరణ, అంటే ఓటర్లందరి వివరాలనూ ఎన్నికల సంఘం మళ్లీ సరిచూసే పని మీద మీ పత్రికలో వస్తున్న లేఖలు చదువుతున్నాను. బోగస్ ఓట్లు పోవాలంటే పత్రాలు గట్టిగా అడగాల్సిందేనని చాలామంది రాశారు. టీచరుగా పనిచేస్తూ పదకొండేళ్లు బీఎల్వో (పోలింగ్ కేంద్రం స్థాయిలో ఓటరు జాబితా చూసే అధికారి) బాధ్యత కూడా మోసినదాన్ని. వారి మాటలో సగం ఒప్పుకుంటాను. చనిపోయినవారి పేర్లు, రెండుచోట్ల నమోదైన పేర్లు జాబితాలో ఉంటాయి. నేనే ఎన్నో తీయించాను. అయితే వాటిని పట్టుకున్నది ఇల్లిల్లూ తిరిగి. తలుపు తడితే పక్కింటివారే చెప్పేవారు, ఆ పెద్దాయన పోయి రెండేళ్లయిందని, ఆ కుర్రాడు దుబాయ్‌లో ఉన్నాడని. దొంగ ఓటు వేయించేవాడికి కాగితాలు పుట్టించడం ఎంతసేపు? కాగితం దగ్గర చిక్కుకుపోయేది వేరేవారు.

మా వీధి చివర ఇస్త్రీ బండి నడుపుకునే ఆమె మొన్న ఆదివారం బట్టల దుకాణం సంచి నిండా కాగితాలు తెచ్చి నా ముందు కుమ్మరించింది. ఓటరు కార్డులో అత్తింటి ఇంటిపేరు, అదీ పొడి అక్షరంగా. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పూర్తిగా, పేరు చివర. లక్ష్మి అన్న మాటకు ఇంగ్లిషులో రెండు కార్డుల్లో రెండు రకాల స్పెల్లింగు. పుట్టిన తేదీ మాత్రం రెండింటిలోనూ జనవరి 1. నమోదు చేసిన కుర్రాడికి ఆ రోజు తోచిన తేదీ అది. బడికి పోలేదు కనుక టెన్త్ సర్టిఫికెట్ లేదు. ఇంట్లో మంత్రసాని చేతుల్లో పుట్టింది కనుక జనన ధ్రువపత్రమూ లేదు. “టీచరమ్మా, ప్రతిసారీ వేశాను కదమ్మా ఓటు. నేను ఉన్నానో లేనో ఇప్పుడు మళ్లీ చూడాలా?” అంది. దేశంలో తొలి సాధారణ ఎన్నికలప్పుడు సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాయించుకున్నందుకు సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకెక్కలేదు. ఇప్పటి స్త్రీలు పేరు చెబుతున్నారు, అక్షరాలే కలవడం లేదు.

బిహార్‌లో 2025 జూన్‌లో ఈ సవరణ మొదలైనప్పుడు చెల్లుతాయన్న పత్రాలు 11. అందులో ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు, చివరికి ఎన్నికల సంఘం తన చేత్తో ఇచ్చిన ఓటరు కార్డు కూడా లేదు! ఆగస్టు 1న ముసాయిదా జాబితా వచ్చేసరికి దాదాపు 65 లక్షల పేర్లు కనబడలేదు. ఆ పేర్లను కారణాలతో సహా ప్రకటించమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఆధార్‌ను పన్నెండో పత్రంగా తీసుకోమని సెప్టెంబరు 8న మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ వంటి సంస్థలు కోర్టుకు ఎక్కకపోయి ఉంటే ఈ రెండూ జరిగేవని నేననుకోను.

హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. 2015లో ఇక్కడ ఓటుకు ఆధార్‌ను ముడిపెట్టే పని జోరుగా సాగింది. 2018 డిసెంబరు 7న, అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ రోజున, కార్డు చేతబట్టుకుని వెళ్లి, జాబితాలో పేరు లేక వెనక్కి తిరిగినవారు ఎందరో. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. మర్యాదే, కాదనను. ఆ క్షమాపణతో ఎవరూ వెనక్కి వెళ్లి ఓటు వేయలేదు.

2025 అక్టోబరులో ప్రకటించిన 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల విడతలో తెలంగాణ లేదు. మన వంతు వచ్చేలోగా చేయాల్సిన పని మాత్రం చాలా ఉంది. మన దగ్గర ఇలాంటి సవరణ చివరిసారి జరిగింది 2002లో. తమ పేరో, తల్లిదండ్రుల పేరో ఆ పాత జాబితాలో చూపగలిగినవారికి పత్రాల బెడద తగ్గుతుంది. అప్పటికి జూబ్లీహిల్స్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి అనే నియోజకవర్గాలే లేవు. అవి 2009 ఎన్నికలతో వచ్చాయి. అంతకుముందు ఇటువైపు జనంలో చాలామంది ఖైరతాబాద్ ఓటర్లు. తన పేరు ఏ నియోజకవర్గం కింద వెతకాలో తెలియనివారికి ఇరవై ఏళ్ల కిందటి జాబితా చూసుకోమంటే ఏం ప్రయోజనం?

అందుకే మేము ఆరుగురం, నలుగురు విశ్రాంత ఉద్యోగులు, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు, ఆదివారాలు కమ్యూనిటీ హాలులో బల్ల వేసుకుని కూర్చుంటున్నాం. పాత జాబితాలో పేర్లు వెతికి పెడుతున్నాం. తప్పులుంటే ఫారం-8 నింపిస్తున్నాం. ఇచ్చిన ప్రతి దరఖాస్తుకూ రసీదు అడగమని చెబుతున్నాం. వీధివీధీ తిరిగి సంతకాలు సేకరించి ఒక వినతిపత్రం కూడా ఇచ్చాం. దాన్ని తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవడానికే గంటన్నర నిలబడ్డాం, అది వేరే కథ.

మేము అడిగినది పెద్ద కోరికేమీ కాదు. తీసేసే ప్రతి పేరునూ, ఎందుకు తీస్తున్నారో కారణంతో సహా, ఆ పోలింగ్ కేంద్రం గోడకే అంటించాలి. వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకోకూడదు. నోటీసు ఇచ్చి, మనిషి మాట విన్నాకే పేరు మీద గీత గీయాలి. జాబితాలో ఉన్నవారి పౌరసత్వాన్ని శంకించేటప్పుడు వారికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది. సందేహపడే అధికారులే రుజువు వెతుక్కోవాలి. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ఒక పూట కూలి పోగొట్టుకుని ఆమె ఎందుకు తిరగాలి?

కొత్త ఓటరు దరఖాస్తులో ఆధార్ నంబరు తప్పనిసరి కాదని 2023 సెప్టెంబరులో ఎన్నికల సంఘం సుప్రీంకోర్టులో ఒప్పుకుంది. ఆ పిటిషన్ వేసింది మన రాష్ట్రానికి చెందిన కాంగ్రెస్ నాయకుడు జి. నిరంజన్. ఏ పార్టీ అన్నది పక్కన పెట్టండి, ఒక మనిషి పట్టుబడితే అంత పని జరిగింది. అన్ని పార్టీలూ కనీసం బూత్ ఏజెంట్లనైనా ఇప్పుడే నియమించి, మాతో పాటు ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టవచ్చు.

ఇస్త్రీ బండి ఆమె అత్త పేరు 2002 ఖైరతాబాద్ జాబితాలో దొరికింది. ఆమెది దొరకలేదు. అప్పటికి పెళ్లి కాలేదట, పుట్టింటి ఊరు మహబూబ్‌నగర్ వైపు. వచ్చే ఆదివారం ఆ ఊరి జాబితా తెరవాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బోరబండ, హైదరాబాద్