హల్దీ మనకెప్పుడొచ్చింది?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ కాలం పిల్లలు మన పద్ధతులు వదిలేసి ఎవరినో కాపీ కొడుతున్నారని మొన్న మీ లేఖల పేజీలో ఒకరు బాధపడ్డారు. కాపీ కొట్టకుండా మనకి వచ్చిందేముందండీ? మా బరంపురంలో రెండేళ్లకోసారి బుడి ఠాకురాణి అమ్మవారి యాత్ర జరుగుతుంది, దాన్ని నడిపేది దేరా అనే తెలుగు నేతవాళ్లు, కానీ మొక్కుకుని వేషాలు కట్టేవాళ్లలో ఒడియా ఎవరో తెలుగు ఎవరో మీరు చెప్పలేరు. మార్గశిర గురువారాలకి ఒడియా ఇళ్ల గడపల్లో బియ్యప్పిండితో లక్ష్మీపాదాలు వేస్తారు, మా వీధి తెలుగు ఇళ్లలోనూ వేస్తారు, అటు విశాఖ దాకా ఆ పూజలున్నాయి. ఎవరిని చూసి ఎవరు మొదలెట్టారో తేల్చమంటే తేలదు.

2005లో హార్నర్, వైటెన్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. లోపల ఏముందో కనిపించే పెట్టె, అందులో ఒక బహుమతి. ముందు పెట్టె పైభాగంలో పుల్లతో ఊరికే పొడిచి, తర్వాత ముందున్న తలుపులోంచి బహుమతి తీసుకోవడం చింపాంజీలకీ, పిల్లలకీ చేసి చూపించారు. పైన పొడిస్తే ఒరిగేదేమీ లేదని కనిపిస్తూనే ఉంది కాబట్టి చింపాంజీలు చాలావరకు ఆ పని మానేశాయి. మూడు నాలుగేళ్ల పిల్లలు మాత్రం పొడిచి మరీ తీసుకున్నారు. పెద్దవాళ్లు చేశారంటే ఏదో కారణం ఉండే ఉంటుందని నమ్మడం అది, తెలివితక్కువతనం కాదు. వంటైనా, మగ్గం పనైనా, పెళ్లి తంతైనా అలాగే మన దాకా వచ్చింది.

నా గొడవల్లా వేరే. పక్కింటివాళ్లని చూసి నేర్చుకున్నప్పుడు వాళ్ల పెళ్లి సందడే కాదు, తర్వాత దానికి చేసిన అప్పు తీర్చడానికి వాళ్లు పడిన తిప్పలూ కళ్ల ముందే ఉండేవి, కాబట్టి కొన్ని అందుకునేవాళ్లం, కొన్ని వదిలేసేవాళ్లం. రీల్‌లో అప్పు కనిపించదు కదా! పై కులాల ఆచారాలు అందుకుని కింది కులాలు పైకి రావడానికి ఒకటి రెండు తరాలు పట్టేదని సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో కూర్గు గురించి రాశారు. ఇప్పుడు డబ్బున్నవాళ్ల హల్దీ అందుకోవడానికి ఒక్క పెళ్లిళ్ల సీజన్ చాలు. ఈమధ్య మా వీధిలో ఒకటి చూశాను, అందరికీ పసుపు బట్టలు, వెనకాల బంతిపూల తెర, ఫొటోగ్రాఫర్ కుర్రాడు "ఆంటీ, మీది ఆకుపచ్చ చీర, కొంచెం పక్కకి జరగండి" అని పెళ్లికూతురి మేనత్తనే ఫ్రేమ్‌లోంచి పంపించేశాడు. నలుగు పెట్టాల్సినావిడ ఆవిడే! పాపం, రోలూ రోకలీ ఉన్న మూలకెళ్లి కూర్చుంది. ఆ వెనకాల తెర అద్దె ఎంతో నేను అడిగాను, పెళ్లికూతురి తండ్రి చెప్పలేదు.

మీ పేపర్లోనూ పెళ్లి ఫొటోలు బాగానే వేస్తారు. ఈసారి ఖర్చెంతయిందో అడిగి కింద అదీ వేయండి, ఇంటి ముందు పందిరేసి చేసుకున్న పెళ్లి ఒక్కటైనా పక్కనే వేయండి, వీలైతే అంతే సైజులో.

— ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా