వాట్ల లెక్క చెప్పి రిసీవర్లు అమ్మడం ఆపేశాం

మా దగ్గర హోమ్ థియేటర్ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల సౌండ్ తీసుకుని ఇంట్లోని స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) కొన్నవాళ్లకూ, కొందామని చూస్తున్నవాళ్లకూ ఒక సంగతి చెప్పాలి. ఆఫర్ ఏదో ఉందనుకుని చదవడం మొదలుపెట్టినవాళ్లు ఏమీ అనుకోకండి. ఇన్నేళ్లూ మేం అమ్మిన పద్ధతిలో ఒక తప్పుంది. అది ఒప్పుకుని, ఇకమీదట ఏం మారుస్తున్నామో చెప్పడానికి రాస్తున్నాను.

ఆ మధ్య ఒకాయన మా దగ్గర మధ్యరకం రిసీవర్ తీసుకున్నారు. సినిమాలకంటే పాటలు ఎక్కువ వినే మనిషి. వారం తిరక్కుండానే ఫోన్ చేశారు. "సినిమాలో బాంబు పేలితే అదిరిపోతోందండీ. పాట పెడితే మాత్రం పలచగా ఉంది. గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో కూడా తెలియడం లేదు" అన్నారు. నేను ఇంకేమీ అడక్కుండా, ఈ మోడల్లో పవర్ తక్కువ, పైది తీసుకోండి అనేశాను. పాపం ఆయన మీద డబ్బు కట్టి పైది పట్టుకెళ్లారు. అదీ అంతే. రెండోసారి ఫోన్ వచ్చాక నేనే వాళ్లింటికి వెళ్లాను. ఎడమ స్పీకర్ వెనక ప్లస్‌లో ఉండాల్సిన వైరు మైనస్‌లో, మైనస్‌ది ప్లస్‌లో ఉన్నాయి. బిగించింది మా కుర్రాడే.

ఇలా తిరగబడితే ఒక స్పీకర్ గాలిని ముందుకు నెడుతున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. రెండూ కలిసి బలంగా వినిపించాల్సిన బేస్ ఒకదాన్నొకటి మింగేసుకుంటుంది. రెండిటి నడుమా నిలబడాల్సిన గొంతు గదంతా చెదిరిపోతుంది. సినిమాల్లో ఇది బయటపడకపోవడానికి కారణం ఉంది. మాటలు వచ్చేది సెంటర్ స్పీకర్లోంచి, బాంబు పేలేది సబ్‌వూఫర్లో, అంటే బేస్ కోసమే విడిగా పెట్టే స్పీకర్లో (సబ్ అంటాం). రెండూ సరిగ్గానే ఉన్నాయి. పాటకి మాత్రం ఎడమా కుడీ తప్ప దిక్కు లేదు, అక్కడే దొరికిపోయాం. వైర్లు మార్చి పెట్టడానికి ఒక నిమిషం పట్టింది. గోటితో పోయేదానికి ఆయన చేత గొడ్డలి కొనిపించాను. పాత రిసీవర్ ఆయనకు తిరిగిచ్చి, పైన కట్టిన డబ్బు వాపసు చేశాను.

ఆ రాత్రి బిల్లు పుస్తకం తిరగేశాను. 'పాటలు బాగా లేవు' అని వచ్చి, మా మాట విని పెద్ద మోడల్‌కి మారినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, రమ్మన్నవాళ్ల ఇళ్లకు వెళ్లాం. వాటన్నిట్లో రిసీవర్ శక్తి నిజంగా చాలనిది ఒక్క ఇంట్లోనే. పెద్ద హాలు, 4 ఓమ్‌ల స్పీకర్లు (ఓమ్‌లు తగ్గేకొద్దీ స్పీకర్ ఎక్కువ కరెంటు లాగుతుంది), కూర్చునేది బాగా దూరంగా, వినేది గట్టిగా. మిగతా ఇళ్లలో తప్పు వైరుదో, సబ్‌ పెట్టిన మూలదో, మెనూలో ఎవరూ ముట్టుకోని ఒక సెట్టింగ్‌దో. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఈ పాపంలో మా వాటా పిడికెడుకంటే ఎక్కువే.

వాట్ల సంగతి చెప్తాను. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో '150 వాట్లు' అని ఉంటుంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో వరుస ఉంటుంది: ఒక్క ఛానెల్ నడుస్తుండగా, 6 ఓమ్‌ల మీద, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో. అంటే ఏడు ఛానెళ్లలో (ఒక్కో స్పీకర్‌కి ఒక్కో ఛానెల్) ఆరింటిని పడుకోబెట్టి, ఒకే ఒక స్వరాన్ని అది చెడి వినిపించేదాకా లాగితే వచ్చిన అంకె. అదే రిసీవర్‌ను రెండు ఛానెళ్లు నడుస్తుండగా, 8 ఓమ్‌ల మీద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా (అంటే చెవికి వినపడే స్వరాలన్నిటికీ), 0.08 శాతం డిస్టార్షన్ దాటకుండా కొలిస్తే 80 దగ్గర ఆగిపోవచ్చు. అన్ని ఛానెళ్లూ ఒకేసారి నడిస్తే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే అన్నిటికీ కరెంటు పంచే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. రెండు అంకెలూ నిజమే. మేం మాత్రం మీకు పెద్దదే చూపించాం.

ఆ 80ని 100 చేస్తే ఏం పెరుగుతుందో తెలుసా? 1 డెసిబెల్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క). పక్కపక్కన పెట్టి చెవి రిక్కించి వింటే తప్ప పట్టుకోలేం. వాట్లు రెట్టింపు చేస్తే 3 డెసిబెల్స్. సౌండ్ రెట్టింపైనట్టు మనిషికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి వాట్లు పది రెట్లు కావాలి. అదే 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత సౌండ్ వస్తుందన్న అంకె) ఉన్న స్పీకర్ బదులు 90 ఉన్నది తీసుకుంటే, రిసీవర్‌ని ముట్టుకోకుండానే వాట్లు రెట్టింపు చేసినంత పని అవుతుంది. ఆ అంకె స్పీకర్‌తో వచ్చే కాగితంలో ఉంటుంది. ఎవరూ చూడరు, మేమూ ఎప్పుడూ చూపించలేదు.

ఆ 87 స్పీకర్‌కే ఒక్క వాట్ ఇచ్చి, 3 మీటర్ల దూరంలో కూర్చుని రెండు స్పీకర్లూ వింటే మీ చెవి దగ్గర 80 డెసిబెల్స్ పైనే ఉంటుంది. పక్కన మనిషి మాట్లాడితే గొంతు పెంచాల్సినంత సౌండ్ అది. అంటే మామూలుగా పాటలు వినేటప్పుడు మీ రిసీవర్ ఖర్చు పెట్టేది ఒకటో రెండో వాట్లు. మిగతాదంతా సినిమాలో ఒక్కసారిగా వచ్చిపడే శబ్దాల కోసం దాచిన నిల్వ. థియేటర్ ప్రమాణం ప్రకారం సగటు 85 డెసిబెల్స్ ఉంటే ఒక్కో ఛానెల్లో గరిష్ఠం 105 దాకా వెళ్లాలి. ఇంట్లో అంత గట్టిగా వినేవాళ్లు తక్కువ. వినేవాళ్లుంటే చెప్పండి, వాళ్లకు పెద్ద రిసీవరే ఇస్తాం, అందులో తప్పేం లేదు.

ఇంకో తప్పు డెమో గదిలో జరిగింది. రెండు రిసీవర్లు పక్కపక్కన పెట్టి మార్చి మార్చి వినిపించేటప్పుడు వాటి సౌండ్ ఎప్పుడూ సమానంగా పెట్టలేదు. ఒక డెసిబెల్ ఎక్కువున్నది చెవికి 'ఎక్కువ సౌండ్'లా అనిపించదు, 'మంచి సౌండ్'లా అనిపిస్తుంది. వాల్యూమ్ నాబ్ మా చేతిలో ఉంది, ఏది అమ్ముడుపోవాలో మా మనసులో ఉంది. తెలిసి కొంత, తెలియక కొంత. ఇప్పుడు మీటర్ పెట్టి రెండూ సమానం చేశాకే వినిపిస్తున్నాం. చెప్తే నవ్వుతారు, సౌండ్ సమానంగా ఉన్నప్పుడు చాలాసార్లు నాకే తేడా తెలియలేదు. సత్తువకు మించి లాగనంత వరకు ఇప్పటి రిసీవర్లలో ఆంప్‌కీ (స్పీకర్లకు శక్తినిచ్చే భాగం) ఆంప్‌కీ మధ్య తేడా పట్టడం చాలా కష్టం. స్పీకర్ మార్చినా, గది మార్చినా చంటిపిల్లాడికైనా తెలుస్తుంది.

మరి రిసీవర్లో డబ్బు ఎక్కడ పెట్టాలి? నా లెక్కలో మొదటిది గదికి తగ్గట్టు సౌండ్ సరిచేసే విభాగం. ఆడిసీ, డిరాక్, వైపావో అని ఒక్కో కంపెనీలో ఒక్కో పేరు. పైపైన అన్నీ ఒకలాగే కనిపిస్తాయి గానీ, సబ్‌వూఫర్ బేస్‌ని ఎంత సూక్ష్మంగా సరిచేయగలవన్న దగ్గర తేలిపోతాయి. 14 అడుగుల పొడవున్న గది తీసుకోండి. ఆ రెండు గోడల మధ్య 40 హెర్ట్జ్ దగ్గర శబ్దం చిక్కుకుని మోగుతుంది. గోడ పక్కన కూర్చున్నవాళ్లకు ఆ స్వరం మోతలా వినిపిస్తుంది. సరిగ్గా గది మధ్యలో కూర్చున్నవాళ్లకు దాదాపు మాయమవుతుంది. పాటలో బేస్ గిటార్ ఒక స్వరం దగ్గర పొంగి, పక్క స్వరం దగ్గర కుంగుతుంటే అది రిసీవర్ తప్పు కాదు, గోడలది. పొంగును రిసీవర్ తగ్గించగలదు. కుంగును మాత్రం నింపలేదు, ఎన్ని వాట్లు పోసినా అక్కడ రద్దయిపోతూనే ఉంటాయి. దానికి సోఫా జరపాలి, లేకపోతే సబ్ జరపాలి. సోఫా జరపమంటే ఇళ్లలో జరిగే గొడవలు నాకు తెలుసు, అందుకే ముందు సబ్‌నే జరుపుతాం.

రెండోది ప్రీ-అవుట్‌లు, అంటే సౌండ్‌ని విడి ఆంప్‌కి పంపడానికి రిసీవర్ వెనకుండే సాకెట్లు. ముందు ఎడమ కుడి ఛానెళ్లకు ప్రీ-అవుట్ ఉన్న మోడల్ అయితే, రేపు పాటల పిచ్చి ముదిరినప్పుడు ఒక స్టీరియో ఆంప్ విడిగా తగిలించుకోవచ్చు. చౌక మోడళ్లలో చాలావాటికి సబ్ ప్రీ-అవుట్ ఒక్కటే ఉంటుంది. పాటలకే ప్రాణం ఇచ్చేవాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే: హోమ్ థియేటర్ బైపాస్ (సినిమాలప్పుడు వాల్యూమ్‌ని రిసీవర్‌కే వదిలేసే ఏర్పాటు) ఉన్న మంచి స్టీరియో ఆంప్ ఒకటి, దానికి తోడు ప్రీ-అవుట్ ఉన్న మామూలు రిసీవర్ ఒకటి. పాటలప్పుడు రిసీవర్ ఆపేసి ఉన్నా ఫరవాలేదు. పైగా రిసీవర్లో త్వరగా పాతబడేది హెచ్‌డీఎంఐ (టీవీ, ప్లేయర్ల కేబుళ్లు వచ్చి చేరే) భాగమే. ఆంప్‌కి ఆ జబ్బు లేదు.

ఛానెళ్ల లెక్క దగ్గర ఎక్కువసేపు ఆగను. ఏడు ఛానెళ్ల రిసీవర్‌తో కింద ఐదు, పైన రెండు స్పీకర్లు నడుస్తాయి, చాలా గదులకు అది సరిపోతుంది. పైకప్పు నుంచి శబ్దం తట్టి తిరిగొచ్చే రకం ఆట్మాస్ (తలపై నుంచి కూడా సౌండ్ వినిపించే డాల్బీ పద్ధతి) స్పీకర్లు మాత్రం చదునైన గట్టి పైకప్పు లేని గదికి ఇక అమ్మం. వాలుగా ఉన్న చెక్క పైకప్పు కింద అవి పెట్టించి, 'అలవాటు పడితే తెలుస్తుందండీ' అని నేనే ఒకరికి చెప్పాను. ఎవరూ అలవాటు పడలేదు.

ఈ-ఆర్క్ పేరు చెప్పి కూడా కొందరిని తొందరపెట్టాం. టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా రిసీవర్‌కి వెనక్కి పంపే ఏర్పాటు ఆర్క్, దాని కొత్త రూపం ఈ-ఆర్క్. నిజానికి టీవీ యాప్‌లలో ఆట్మాస్ ఎక్కువగా వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో. దాన్ని పాత ఆర్క్ కూడా చాలా టీవీల్లో మోసేస్తుంది. ఈ-ఆర్క్ తప్పనిసరి అయ్యేది టీవీకి తగిలించిన బ్లూరే ప్లేయర్ నుంచి డాల్బీ ట్రూహెచ్‌డీ లాంటి, ఏమీ కోల్పోని సౌండ్ రిసీవర్‌కి రావాలన్నప్పుడు. ప్లేయర్‌నే నేరుగా రిసీవర్‌కి తగిలిస్తే ఆ బెంగా ఉండదు. గేమ్స్ ఆడేవాళ్లు ఒకటి చూసుకోండి. 2020లో వచ్చిన మొదటి తరం హెచ్‌డీఎంఐ 2.1 రిసీవర్లలో కొన్ని 4కే 120 హెర్ట్జ్ బొమ్మను సరిగ్గా దాటించలేకపోయాయి. అలాంటిది మీ దగ్గరుంటే గేమ్ కన్సోల్‌ని టీవీకి తగిలించి, సౌండ్ మాత్రం ఈ-ఆర్క్ మీదుగా వెనక్కి తెచ్చుకోండి. దాని కోసమని కొత్తది కొనక్కర్లేదు.

ఇప్పటికే రిసీవర్ ఇంట్లో ఉన్నవాళ్లు, మేం వచ్చేలోపు మీరే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. గది దిద్దుబాటు కోసం రిసీవర్‌తో వచ్చిన మైక్ పెట్టి సౌండ్ కొలిచేటప్పుడు దాన్ని సోఫా మీద పడేయకండి, స్టాండ్ మీద చెవి ఎత్తులో నిలబెట్టండి. ఫ్యాన్ ఆపండి. కొలత అయ్యాక రిసీవర్ మీ ముందు స్పీకర్లను 'లార్జ్' అని రాసుకుని ఉంటే, సబ్ ఉన్నవాళ్లు 'స్మాల్' చేసి క్రాసోవర్ (ఏ స్వరం కిందవి సబ్‌కి వెళ్లాలో చెప్పే గీత) 80 హెర్ట్జ్ పెట్టండి. అంత ఖరీదైన స్పీకర్‌ని చిన్నది అంటారా అని ఒకరు నా మీద కోప్పడ్డారు. ఆ మాటకు అర్థం బరువు పని సబ్‌కి అప్పగించమనే, స్పీకర్‌ని కించపరచడం లేదు. రిసీవర్ సబ్ దూరాన్ని టేపుతో కొలిచినదానికంటే ఎక్కువ చూపిస్తే దిద్దకండి. సబ్ లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా కలిపి అది అలా లెక్కేసుకుంటుంది.

పాటలకు 'ప్యూర్ డైరెక్ట్' నొక్కి బేస్ పోయిందని ఫోన్ చేసేవాళ్లు నెలకొకరైనా ఉంటారు. ఆ బటన్ నొక్కితే చాలా మోడళ్లలో గది దిద్దుబాటూ పోతుంది, సబ్ కూడా మూగబోతుంది. పాటలకు మామూలు 'స్టీరియో' పెట్టుకోండి, సబ్ పనిచేస్తుంది. రాత్రిపూట సినిమాకు పెట్టుకున్న నైట్ మోడ్ తెల్లారి పాటలకు తీసేయడం మరిచిపోవద్దు, పాటలోని ఎత్తుపల్లాలన్నీ చదును చేసేస్తుంది. సినిమాలో మాటలు వినపడకపోతే మొత్తం వాల్యూమ్ పెంచే ముందు సెంటర్ ఛానెల్ ఒక్కటే 2 లేదా 3 డెసిబెల్స్ పెంచి చూడండి.

ఇక మా వైపు మారినవి. షాపులో ప్రతి రిసీవర్ ముందూ రెండు ఛానెళ్ల, 8 ఓమ్‌ల అంకె మాత్రమే రాసి పెట్టాం. ఫిట్టింగ్‌కి వచ్చిన మనిషి ప్రతి స్పీకర్ ప్లస్ మైనస్ చూసి, కాగితం మీద సంతకం పెట్టి మీకిస్తాడు. నెల తర్వాత ఒకసారి ఉచితంగా వచ్చి మళ్లీ కొలుస్తాం, ఎందుకంటే ఈలోపు మీరు సోఫా ఎలాగూ జరిపి ఉంటారు. పాటలు బాగా లేవని ఎవరైనా మార్చుకోవడానికి వస్తే, వాళ్లింటికి వెళ్లి చూడకుండా పెద్ద మోడల్ బిల్లు వేయం. దీనివల్ల ఈ నెల అమ్మకాలు తగ్గాయి, దాచడం దేనికి. ఇళ్లకు తిరగడానికి మాకున్నది ఇద్దరే మనుషులు కాబట్టి ఫోన్ చేసిన రోజే రాలేకపోవచ్చు.

కొత్తగా కొనేవాళ్లు వచ్చేటప్పుడు గది పొడవు వెడల్పులు, సోఫా నుంచి స్పీకర్ల దాకా దూరం రాసుకుని రండి. స్పీకర్లు ముందే ఉంటే వాటి వెనకున్న లేబుల్ ఫొటో తీసుకోండి. రిసీవర్ పెట్టే అర కూడా కొలవండి. అది వేడెక్కే వస్తువు, పైన నాలుగు వేళ్ల ఖాళీ అయినా లేకపోతే ఎంత మంచి మోడలైనా సినిమా మధ్యలో తనంతట తనే ఆగిపోతుంది. మా మాట విని పెద్ద మోడల్‌కి మారినవాళ్లలో ఇంకా మేం చేరుకోలేనివాళ్లు కొందరున్నారు, ఫోన్ నంబర్లు మారిపోయినట్టున్నాయి. మీరు వాళ్లలో ఒకరైతే బిల్లు లేకపోయినా రండి, మా పుస్తకంలో మీ పేరు ఉంటుంది.