వార్షికోత్సవంలో మీరు విన్న ఆ చప్పుడు గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల వార్తాలేఖను పదో తరగతి ప్రీ ఫైనల్ పరీక్షలతో మొదలుపెట్టాలనుకున్నాను. కానీ వార్షికోత్సవం రాత్రి నుంచి నాకు వస్తున్న ఫోన్లు, మీ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న వీడియో, గేటు దగ్గర నన్ను చూడగానే ఆగిపోతున్న మాటలు అన్నీ ఒకే విషయం మీద. కాబట్టి మిగతావి త్వరగా చెప్పేస్తాను. పరీక్షల టైమ్ టేబుల్ డైరీలో అంటించాం, చూసి సంతకం చేయండి. మూడో నంబరు బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందే వస్తుంది. ఫీజు బాకీ ఉన్నవారికి ఉత్తరం విడిగా అందే ఉంటుంది.

ఇక ఆ చప్పుడు సంగతి.

ఎనిమిదో తరగతి కోలాటానికీ ఆరో తరగతి సినిమా పాటకూ మధ్య, తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు వేదిక మీద ఒక భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్ల మీద పాత వారపత్రికలు, రెండు లావాటి నిఘంటువులు, స్టీలు గ్లాసులు, ఒక ఇత్తడి చెంబు. పక్కన వడ్రంగిని అడిగి తెచ్చుకున్న కిటికీ చట్రం. వాళ్లు వాయించింది అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1940లో రాసిన 'లివింగ్ రూమ్ మ్యూజిక్'. వాద్యాలు కొనక్కర్లేదు, ఇంట్లో ఉన్న వస్తువులు, గోడ, తలుపు ఏవైనా సరేనని ఆయనే స్వరలిపిలో రాసిపెట్టారు. ఏది పడితే అది కొట్టవచ్చని మాత్రం కాదు. ఎవరు ఎప్పుడు, ఎంత గట్టిగా, వేలితోనా కణుపుతోనా అన్నదంతా లెక్క ప్రకారం ఉంటుంది. ఆ లెక్క కుదరడానికి ఆ నలుగురికి పదకొండు వారాలు పట్టింది.

మొదటి నిమిషం మీరు నవ్వుతూ చూశారు. రెండో నిమిషంలో కబుర్లు మొదలయ్యాయి. మూడో నిమిషంలో వెనక వరసల నుంచి, ఇక చాలన్నట్టు చప్పట్లు వినిపించాయి. ఒక తండ్రి సౌండ్ బాక్సుల దగ్గరకు వెళ్లి ఏదైనా పాట వేయమన్నారు. అక్కడున్న అబ్బాయి నా ముఖం చూసి ఆగాడు, అతనికి నా కృతజ్ఞతలు. పిల్లలు మాత్రం ఒక్క దెబ్బ తప్పలేదు. ఆ గోలలో తాళం వదలకుండా వారపత్రిక మీద వేళ్లు ఆడించిన అమ్మాయిని, మైకు ఎదురుగా ఎవరో కుర్చీ లాగినా తల ఎత్తని కిటికీ చట్రం అబ్బాయిని నేను చాలాకాలం మరిచిపోను.

తర్వాత నాకు చేరిన ఫిర్యాదులు నాలుగు రకాలు. ఇది సంగీతమా అన్నది ఒకటి. ఇందుకా ఫీజు కడుతున్నది అన్నది రెండోది. మన కర్ణాటక సంగీతం ఉండగా ఇదెందుకు అన్నది మూడోది. ఇంట్లో గ్లాసులకు సొట్టలు పడుతున్నాయన్నది నాలుగోది. నాలుగోది న్యాయమైనదే, మన్నించండి.

మొదటిదానికి జవాబు చెప్పే అర్హత నాకు కొంత ఉంది, ఎందుకంటే నేనూ అదే ప్రశ్న వేసినదాన్ని. రెండేళ్ల కిందట మా సంగీతం మాస్టారు స్టాఫ్ రూములో ఒక రికార్డింగు పెట్టారు. పోలండ్ స్వరకర్త క్రిస్టోఫ్ పెండెరెట్‌స్కీ 52 తీగ వాద్యాల కోసం 1960లో రాసినది. నేను లేచి వెళ్లి ఫ్యాను ఆపాను, బేరింగు పోయిందనుకుని. ఫ్యాను ఆగింది, చప్పుడు ఆగలేదు. రెండోసారి విన్నప్పుడు తలనొప్పి వచ్చింది. మూడోసారి మాస్టారు స్వరలిపిని నా ముందు పెట్టారు. అందులో చాలాచోట్ల స్వరాల బదులు నల్లటి పట్టీలు, సన్నబడుతూ వెడల్పవుతూ. కింద సెకన్లు. ఒక్కో వయొలిన్ పక్క వయొలిన్‌కు అతి దగ్గరి శ్రుతిని పట్టుకుంటుంది, అన్నీ కలిస్తే శబ్దం ఒక గోడలా లేస్తుంది. కొన్నిచోట్ల వాద్యం చెక్క మీదే కొడతారు. అంతవరకు నేను రాగం కోసం వెతుకుతూ, అది దొరకక విసుక్కుంటున్నాను. ఆ వెతుకులాట మాని గోడ ఎప్పుడు మందమవుతోంది, ఎక్కడ బీటలు వారుతోంది అని విన్నాను. నాలుగోసారికి కుర్చీ అంచుకు వచ్చేశాను. పడుకోబోయే ముందు ఇప్పటికీ దాన్ని వినను, అది వేరే సంగతి.

ఆ రచనకు ఆయన మొదట పెట్టిన పేరు అది సాగే సమయం, 8 నిమిషాల 37 సెకన్లు. హిరోషిమా మృతులకు అంకితమిచ్చింది ఆ తర్వాత. లైబ్రరీ పీరియడ్‌లో పిల్లలకు ఏ పేరూ చెప్పకుండానే వినిపించాం. కొందరు చెవులు మూసుకున్నారు, అందులో తప్పేమీ లేదు. రైస్ మిల్లు నడిపేవారి అబ్బాయి ఒకడు మాత్రం, మిల్లు ఆపేటప్పుడు బెల్టు మెల్లగా నిలిచిపోయే చప్పుడు ఇలాగే ఉంటుందన్నాడు. చిన్నప్పుడు అది వినిపిస్తేనే నాన్న ఇంటికొస్తున్నాడని తెలిసేదట. ఎనిమిదేళ్లుగా ఆ అబ్బాయి మా బడిలో చదువుతున్నాడు. వాడి నోట అంత పొడుగు మాట నేను వినడం అదే మొదటిసారి.

మన సంగీతం ఉండగా ఇదెందుకు అన్నవారికి కొంచెం వివరంగా చెప్పాలి. ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు చిక్కి, గోర్లిట్జ్ దగ్గరి యుద్ధఖైదీల శిబిరంలో ఉన్నారు. అక్కడ దొరికిన వయొలిన్, క్లారినెట్, చెలో వాద్యకారుల కోసం, పియానో ముందు తాను కూర్చునేలా ఒక చతుష్టయం రాశారు. 1941 జనవరి 15న, గడ్డకట్టే చలిలో, తోటి ఖైదీల ముందు వాయించారు. దాని మొదటి భాగంలో పియానో లయ ఎక్కడిదో తెలుసా? శార్‌ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో దేవగిరిలో రాసిన సంగీత రత్నాకరంలోని దేశీ తాళాలది. రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ. ఆ 120 తాళాల పట్టికను ఆయన ఒక ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో చూశారు. అదే గ్రంథానికి మన రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడి పేరిట 'సంగీత సుధాకరం' అనే వ్యాఖ్య ఉందని మా తెలుగు మాస్టారు చెప్పినప్పుడు, క్లాసులో సగం మంది పటంలో రాచకొండను వెతికారు. ఇక ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పినదానిగా నేను ఆగలేని చోటు ఇది. ఆ పియానో లయ 17 విలువల వరస, అంటే ఒక్కో దెబ్బ ఎంతసేపు నిలవాలో చెప్పే 17 నిడివులు, అయిపోగానే మళ్లీ మొదలవుతుంది. దాని మీద నడిచే స్వరగుచ్ఛాలు 29, అవీ అయిపోగానే మళ్లీ మొదలు. 17, 29 రెండూ ప్రధాన సంఖ్యలు. రెండు వరసలూ మొదట్లో కలిసినట్టు మళ్లీ కలవాలంటే ఎంతసేపు పడుతుంది? క.సా.గు. కట్టండి, 493. ఆ భాగం అంత దూరం వెళ్లకుండానే ముగిసిపోతుంది. ఎప్పటికీ కలవని రెండు చక్రాలను విడుదల ఎప్పుడో తెలియని మనిషి ఒక శిబిరంలో కూర్చుని తిప్పాడు. క.సా.గు. ఎందుకు నేర్చుకోవాలి టీచర్ అని ఏటా అడిగే ఆరో తరగతికి చెప్పడానికి నాకు ఇంతకాలానికి ఒక జవాబు దొరికింది.

దీన్ని మన గొప్పగా చెప్పుకోమని నా ఉద్దేశం కాదు. మెస్సియాన్ చేతిలో ఆ తాళాలు ఎంత మారాయంటే, మృదంగం నేర్చుకుంటున్న మా బడి అమ్మాయి ఒకతి చేత్తో వేయబోయి మూడుసార్లు తప్పి, "ఇది మన ఇంటి నుంచి వెళ్లి వేరే ఊళ్లో పెరిగిన పిల్ల టీచర్" అంది. కేజ్ రచనలో నలుగురూ మాటలు పలికే భాగం ఉంటుంది. అనగనగా లోకం గుండ్రంగా ఉండేది, దాని చుట్టూ తిరగవచ్చు అని అమెరికన్ రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్ పిల్లల కోసం రాసిన మాటలు. దాన్ని తెలుగు చేసిందీ ఈ అమ్మాయే. ఇంగ్లీషు మాట పొట్టిది, మన మాట పొడుగు, లయలో కూర్చోదని అందరం చేతులెత్తేశాం. తను 'గుం డ్రం గా' అని విడగొట్టి పలికి, ఈ మాటలోనే మృదంగం ఉంది కదా అంది. సభలో ఆ మాటలు ఎందరికి వినిపించాయో నాకు తెలియదు. అప్పటికే మూడో నిమిషం దాటింది.

మీ కోపం కొత్తది కాదని కూడా చెప్పాలి. 1913 మే 29న పారిస్‌లో రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ సంగీతానికి నర్తకుడు నిజిన్‌స్కీ కూర్చిన బ్యాలే మొదటిసారి ప్రదర్శించినప్పుడు ప్రేక్షకులు ఈలలు వేసి, అరిచి గగ్గోలు చేశారు. సంగీత నిర్వాహకుడు పియరీ మాంటో చివరిదాకా ఆపలేదు. ఏడాది తిరగకముందే అదే సంగీతం అదే నగరంలో కచేరీగా వినిపిస్తే జనం స్వరకర్తను భుజాల మీద ఊరేగించారు. మీ నుంచి ఊరేగింపులు ఆశించడం లేదు. ఏడు నిమిషాలు కూర్చుంటే చాలు.

కూర్చోవడం గురించి ఒక మాట. తమ బిడ్డ నృత్యం అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు లేచి వెళ్లడం ఈ ఏడాది మరీ ఎక్కువైంది. చివరి అంశం వేసిన ఒకటో తరగతి పిల్లలు ఖాళీ కుర్చీలకు నమస్కారం పెట్టారు. కూర్చున్నవారిలోనూ కొందరు ఫోను ఎత్తిపట్టి, వేదికను దాని తెరలోనే చూశారు. మీ పనుల ఒత్తిడి నాకు తెలియనిది కాదు. అయితే గత నెల ఏడో తరగతికి, రాత్రి ఎనిమిది గంటలకు ఇంట్లో వినిపించే పది శబ్దాలు రాయమని ఇంటిపని ఇచ్చాం. చాలామంది పట్టీ టీవీతో మొదలై, టీవీ దగ్గరే ఆగింది. ఒకరు 'అన్నం తినేటప్పుడు నాలుగు ఫోన్లలో నాలుగు పాటలు' అని రాశారు. ఎవరిల్లో నేను చెప్పను, మీకు తెలిసే ఉంటుంది. ఎంత మంచి మాస్టారైనా వారానికి రెండు పీరియడ్లలో పదును పెట్టిన చెవిని మిగతా వారమంతా ఇంట్లో మొద్దుబారనిస్తే మేం చేయగలిగింది తక్కువ. అన్నం తినే ఇరవై నిమిషాలు టీవీ కట్టేయమని అడగడం పెద్ద కోరిక కాదనుకుంటాను.

అదే ఇంటిపనిలో ఒక చిన్నవాడు నాయనమ్మ ఆకు వక్క దంచుకునే చప్పుడు రాశాడు. ఎన్ని దెబ్బలకు ఒకసారి ఆగి కలుపుకుంటుందో కూడా లెక్కపెట్టాడు. ఇంకో అమ్మాయి, 'ఫ్రిజ్ ఆగినప్పుడు అది అంతసేపూ మోగుతోందని తెలిసింది' అని రాసింది. ఆ కాగితం నా గదిలో గోడకు అంటించాను, వచ్చినప్పుడు చూడండి.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు తల్లిదండ్రుల సమావేశం. దానికి ముందు అదే నలుగురు పిల్లలు కేజ్ రచన ఇంకొకటి ప్రదర్శిస్తారు. 1952 ఆగస్టు 29న అమెరికాలోని వుడ్‌స్టాక్‌లో డేవిడ్ ట్యూడర్ అనే పియానో వాద్యకారుడు మొదటిసారి దాన్ని వినిపించారు. మూడు భాగాలు, మొత్తం 4 నిమిషాల 33 సెకన్లు. అందులో ఎవరూ ఏమీ వాయించరు. మైకు చెడిపోలేదని, కరెంటు పోలేదని ముందే చెబుతున్నాను, దయచేసి ఎవరూ సౌండ్ బాక్సుల దగ్గరకు వెళ్లవద్దు. ఫోన్లు గేటు దగ్గర బుట్టలో పెట్టాలి. ఆ సమయంలో వినిపించేది మన దగ్గులు, కుర్చీలు, బయటి కాకులు, నా గడియారం. అదే సంగీతమని కేజ్ అనేవారు. నేను ఇంకా తేల్చుకోలేదు.

సొట్టలు పడిన గ్లాసులు ఆఫీసులో పేర్లు అంటించి ఉంచాం, తీసుకువెళ్లండి. ఇత్తడి చెంబు మాదని ఇంతవరకు ఎవరూ రాలేదు. నెలాఖరు దాకా చూస్తాం. మంచి నాదం ఉన్న చెంబు, ఎవరూ అడగకపోతే సంగీతం గదిలోనే ఉంచుకుంటామని మాస్టారు ఆశపడుతున్నారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు