ఫ్యూచర్ సిటీ స్టేడియం సరే, మ్యాచ్ అయ్యాక ఇంటికెలా రావాలి?

ఎడిటర్ గారికి నమస్కారం,

2024 ఆగస్టులో సీఎం రేవంత్ రెడ్డి గారు అసెంబ్లీలో చెప్పారు కదా, హైదరాబాద్ బయట ప్రభుత్వం కట్టాలనుకుంటున్న కొత్త నగరం ఫ్యూచర్ సిటీలో, స్కిల్ యూనివర్సిటీ పెడుతున్న బ్యాగరికంచె వైపే ఇంటర్నేషనల్ క్రికెట్ స్టేడియం కూడా వస్తుందని. కట్టొద్దని నేననట్లేదు. కానీ అది శ్రీశైలం రోడ్డులో తుక్కుగూడ దాటి, ఔటర్ రింగ్ రోడ్డు కూడా దాటి ఇంకా చాలా దూరం పోవాలండీ.

మన దగ్గర క్రికెట్ ఊరు బయటికి పోవడం ఇది మొదటిసారి కాదు. ఎల్బీ స్టేడియంలో మ్యాచ్ ఉంటే నాంపల్లిలో రైలు దిగినోళ్ళు, కోఠిలో బస్సు దిగినోళ్ళు అందరూ నడుచుకుంటూ వచ్చేసేవాళ్ళు, 1999లో న్యూజిలాండ్ మీద సచిన్ 186, ద్రావిడ్ 153 బాదింది అక్కడే. ఆ గ్రౌండ్ క్రికెట్ అసోసియేషన్‌ది కాదు, ఫుట్‌బాల్‌కీ అదే, సభలకీ అదే (2023 డిసెంబర్‌లో సీఎం గారి ప్రమాణ స్వీకారం కూడా అక్కడే), అందుకని సొంత గ్రౌండ్ కావాలనుకున్నారు, తప్పులేదు. 2005లో ఉప్పల్‌లో సౌతాఫ్రికాతో మొదటి వన్డే అయింది. మరి అటు మెట్రో ఎప్పుడొచ్చింది? 2017 నవంబర్‌లో! పన్నెండేళ్ళు జనం ఏం చేశారంటే ఆటోవాడు అడిగినంత ఇచ్చారు, లేదంటే హబ్సిగూడ దాకా నడిచారు.

ఇప్పుడు స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది, అయినా ఐపీఎల్ రోజు రాత్రి వెళ్ళి చూడండి, మెట్ల మీద కదలనివ్వరు, నిద్రపోతున్న పిల్లల్ని భుజానేసుకుని ఆరెంజ్ జెర్సీల్లో తండ్రులు మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కుతుంటారు. ఇక వరంగల్ రోడ్డు వైపు వాళ్ళ సంగతైతే అడగొద్దు, నారపల్లి దాకా ఫ్లైఓవర్ అని 2018లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సాగదీశారు.

స్టేడియం వస్తే ఏరియా డెవలప్ అవుద్దంటారు. ఏడాదికి ఏడు ఐపీఎల్ మ్యాచులు, మహా అయితే ఒకటో రెండో ఇంటర్నేషనల్స్, మిగతా రోజులు గేటుకి తాళమే కదా, దాంతో డెవలప్ అయ్యేది ప్లాట్లు అమ్మేవాళ్ళ బ్రోచర్ ఒక్కటే. ఉన్న స్టేడియాన్ని ఎంత బాగా చూసుకున్నామో కూడా తెలిసిందే, 2024లో చెన్నై మ్యాచ్ ముందురోజు బిల్లు బకాయి ఉందని కరెంటు తీసేశారు.

ఎయిర్‌పోర్ట్ నుంచి స్కిల్ యూనివర్సిటీ దాకా మెట్రో వేస్తామంటున్నారు, మంచిదే, వేసి రైలు నడిచాకే అక్కడ మ్యాచ్ పెట్టమనండి. అంతకన్నా ముందు, టెండర్లు పిలవకముందే, రాత్రి పదకొండున్నరకి ఆట అయిపోతే నలభై వేల మందిలో ఎంతమందికి బస్సులు ఇస్తారు, ఎంతమందికి రైలు ఇస్తారు, ఎల్బీ నగర్ వైపు, సికింద్రాబాద్ వైపు ఆఖరి బండి ఎన్నింటికి, ఇవన్నీ రాసి మీలాంటి పేపర్లలో వేయించమని అడుగుతున్నా.

ఇట్లు,
ఒక పాఠకుడు, సైదాబాద్