మోకాలి నొప్పితో వచ్చే బిడ్డకు ముందు ఎక్స్‌రే తీయించండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. 2000లో సిడ్నీలో పతకం గెలిచిన కరణం మల్లీశ్వరి మా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కావడంతో, ఇక్కడ కూలి చేసుకునే ఇళ్లలోని పిల్లలు కూడా ఆటల మీద ఆశ పెట్టుకుంటారు. ఆడే పిల్లలకు దెబ్బలు తగలడం మామూలే కనుక, మోకాలు నొప్పి అనగానే బెణికిందని అనుకోవడం మాకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఒక బిడ్డకు చేసిన చేటు కళ్లారా చూసినవాడిని కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

మా కబడ్డీ జట్టులోని తొమ్మిదో తరగతి అబ్బాయి కుడి మోకాలి పైన నొప్పిగా ఉందన్నప్పుడు, కొన్నాళ్లు ఆడవద్దని చెప్పి పూతమందు ఇచ్చి పంపినవాడిని నేనే. ఇంట్లో ఉప్పుమూటతో కాపడం పెట్టారు, పక్క ఊరిలో తోమించి పసరు కట్టు కట్టించారు. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయకుండానే నొప్పి బిళ్లలు రాశారు. రాత్రి నొప్పికి నిద్ర పట్టక వాడు గోడకు చేరబడి, మోకాలిని రెండు చేతులా పట్టుకుని కూర్చునే తెల్లవారుస్తున్నాడని వాళ్లమ్మ నాతో చెప్పేసరికి మూడు నెలలు గడిచిపోయాయి. ప్యాంటు పైకి మడిస్తే, మోకాలి పై భాగం ఎడమ కాలికంటే లావెక్కి, చర్మం బిగిసి మెరుస్తూ, తాకితే వెచ్చగా తగిలింది. అది ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ అని విశాఖపట్నంలో తేలింది. చివరకు కాలు తీసేశారు.

ఇది అరుదైన జబ్బు. అందుకే వైద్యులకు కూడా వెంటనే తట్టదు. పిల్లలు చకచకా పొడుగెదిగే వయసులో, ఎక్కువగా మోకాలి చుట్టూ, కొన్నిసార్లు భుజం దగ్గర వస్తుంది. ఈవింగ్ సార్కోమా అనే మరో రకం తుంటి ఎముకలోనో పక్కటెముకలోనో పుట్టి, జ్వరంతో కలిసి వచ్చి చీము పట్టిందేమోనని భ్రమింపజేస్తుంది. ఎదిగే వయసు నొప్పులు సాధారణంగా రెండు కాళ్లకూ వస్తాయి, తెల్లవారేసరికి పోతాయి, వాపు ఉండదు. ఒకే చోట రోజుల తరబడి నిలిచిన నొప్పి, నిద్ర లేపే నొప్పి, వాపు, కుంటు, చిన్న దెబ్బకే ఎముక విరగడం వేరు. ఆస్టియోసార్కోమా పాకకముందే పట్టుకుని కీమోథెరపీ, శస్త్రచికిత్స చేస్తే పదిమందిలో ఆరేడుగురు బతుకుతారు, చాలామందికి కాలు కూడా దక్కుతుంది. ఊపిరితిత్తులకు పాకితే ఆ లెక్క రెండు మూడుకు పడిపోతుంది.

బ్రిటన్‌లో 2015 నాటి మార్గదర్శకాలు, కారణం తెలియని ఎముక నొప్పి లేదా వాపుతో వచ్చిన పిల్లలకు 48 గంటల్లో ఎక్స్‌రే తీయించే విషయం ఆలోచించమని వైద్యులకు చెబుతున్నాయి. మన దగ్గర పలాస, సోంపేట, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రులకు అటువంటి ఉత్తర్వు ఒకటి లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఎక్స్‌రేలో అనుమానం కలిగితే అక్కడే గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపకూడదని కూడా అందులో రాయించండి. తప్పు చోట కోసిన గాటు వల్ల నిలవవలసిన కాలు కూడా పోవచ్చు కనుక, ఆ పని శస్త్రచికిత్స చేసే కేంద్రంలోనే జరగాలి. బడులకు బృందాలు వచ్చి పిల్లల ఆరోగ్యం పరీక్షించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదటి జాబితాలోని 30 సమస్యల్లో క్యాన్సర్ లేదు. బడికి వచ్చే ఆ బృందాలు ఎముక నొప్పి గురించి కూడా పిల్లలను అడిగేలా చూడండి.

చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఎన్టీఆర్ వైద్య సేవ ఆసుపత్రి ఖర్చు భరించినా, ఇచ్ఛాపురం నుంచి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం, అక్కడ బస, పోయిన కూలి ఆ కుటుంబం మీదే పడతాయి. ఇంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటి ఉంది. కీమో తీసుకుని ఇంటికొచ్చిన బిడ్డకు రాత్రి జ్వరం వస్తే అది ప్రాణాపాయం; గంటలోగా యాంటీబయాటిక్ సూది పడాలి. విశాఖ చేరేదాకా ఆగే వ్యవధి ఉండదు. ఆ మొదటి సూది దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనే వేసేలా, చికిత్స కేంద్రం ఇచ్చే ఒక చీటీని తల్లి చేతిలో పెట్టించండి.

మా జట్టు అబ్బాయి ఇప్పుడు పదో తరగతి. వాడి కోసం ఆ తరగతిని కింది అంతస్తులోకి మార్చుకున్నాము. జూన్‌లో బడులు తెరిచేలోగా మీ ఉత్తర్వు వెలువడితే, జట్ల ఎంపికకు పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులకు దానిని నేనే చదివి వినిపిస్తాను.

భవదీయుడు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా