ఆ ఇనుప ముక్క ఉల్క కాదు, అయినా కృతజ్ఞతలు

నిన్న రాత్రి తేలిపోయింది. మట్టి తవ్వుతుంటే దొరికిన ఆ ఇనుప ముక్క ఆకాశం నుంచి పడినది కాదు. ఒళ్లు అలిసిపోయినా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోలేను.

ముందుగా లోహ పరీక్షలు చేసే ఆ మేడం గారికి. పేరు రాయవద్దన్నారు. పనివేళ అయిపోయి తాళం వేసేసినా, నా చేతిలో సంచి చూసి మళ్లీ తలుపు తీశారు. అయస్కాంతానికి అంటుకుంటోందని, చాలా బరువుందని నేను చెప్పుకుపోతుంటే నవ్వలేదు. "ఆ రెండూ మామూలు ఇనుముకూ ఉంటాయి కదండీ, లోపల చూద్దాం" అన్నారు. ఒక మూల కోసి, నునుపుగా మెరుగుపెట్టి, ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లం పూశారు. చాలా ఇనుప ఉల్కల్లో ఉండే, లక్షలాది ఏళ్లు నెమ్మదిగా చల్లారిన లోహంలో ఏర్పడే విడ్మన్‌స్టాటెన్ గీతలు కనిపించలేదు. నా ముఖం చూసి, "ఇంతటితో తేల్చకూడదు. నమీబియాలోని హోబా ఉల్కలోనూ ఈ గీతలుండవు, కానీ దానిలో నికెల్ 16 శాతం దాకా ఉంది" అంటూ నికెల్ పరీక్ష కూడా చేశారు. నికెల్ ఉంటే దూదికి గులాబీ రంగు రావాలట, రాలేదు. చివరికి సూక్ష్మదర్శిని ముందు తన కుర్చీలోనే నన్ను కూర్చోబెట్టి నల్లటి గ్రాఫైట్ రేకులు చూపించారు. పోత ఇనుము! "ఇదీ ఎవరో కొలిమి ముందు చెమటోడ్చి పోసిందేనండీ" అన్నారు. అంతే, నాకు కన్నీళ్లు ఆగలేదు. రుసుము ఎంతో చెప్పమంటే తల అడ్డంగా ఊపారు.

అంతకుముందు తిరిగిన చోట్ల ఏం జరిగిందో చెప్పకుండా ఉండలేను. ఒకచోట సంస్థ ముద్ర లేని నమూనాను ముట్టుకునేది లేదన్నారు. మరోచోట ఫొటో చూసి పెదవి విరిచారు. ఉత్తరానికి జవాబే లేదు. కాదని చెప్పడానికైనా ఒకరు చూడాలి కదా! నిజమైన ఉల్కాశకలం దొరికినవారు ఇలాగే విసిగిపోయి పాత ఇనుముకు వేసేస్తే ఎవరికి నష్టం?

ఇంట్లోవాళ్ల గురించి వేరే చెప్పేదేముంది, అన్నీ భరించారు.

అయ్యో, మరిచాను. పింగాణీ పలక వెనుకవైపు గీసి చూడమన్న మాస్టారికి కూడా నమస్కారాలు. ఎర్రటి గీత పడలేదు కాబట్టి హెమటైట్ అనే ఇనుప ఖనిజం కాదని అప్పుడే చెప్పారు. నీళ్లలో ముంచి తూచి సాంద్రత లెక్కకట్టిన తమ్ముడికీ. ఇంకా, గేటు దగ్గరి కాపలాదారు గారికి. మేడం వెళ్లిపోతుంటే పరుగెత్తి ఆపింది ఆయనే.