ఉద్దాలకు మొక్కేవాళ్లం, వాటిని కుట్టేవాళ్ల పక్కన నిలబడలేమా?

సంపాదకులకు నమస్కారం.

కురుమూర్తి జాతర వార్తలు ప్రతి ఏడాదీ మీ పత్రికలో చదువుతాను. బస్సులు, బందోబస్తు, మంచినీళ్లు అన్నీ రాస్తారు, మంచిదే. నేను రాయాలనుకున్నది ఆ జాతర చేసుకుని ఇంటికొచ్చాక మేం నడుచుకునే తీరు గురించి.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. కార్తీకంలో జరిగే ఈ జాతరకు ప్రాణం ఉద్దాల ఉత్సవం. ఉద్దాలంటే గుట్ట మీద కొలువైన కురుమూర్తి స్వామివారి పాదుకలు. చిన్నవడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాలవాళ్లు నియమనిష్ఠలతో వాటిని తయారు చేస్తారు, అక్కణ్నుంచి ఊరేగింపుగా గుట్ట దగ్గరికి తెస్తారు, దారి పొడుగునా జనమే జనం. ఏ కులంవాళ్లైనా సరే, ఒక్కసారి నెత్తికి తాకితే చాలని తోసుకుంటారు. చిన్నప్పట్నుంచి నేనూ అట్లా తోసుకున్నవాణ్నే.

మా ఊళ్లో ఆంజనేయస్వామి గుడి ఉంది. మాదిగవాడలో పెండ్లయితే పిల్లా పిల్లగాడు గుడి దాకా వచ్చి మెట్ల కిందే ఆగిపోతారు. కొబ్బరికాయ వేరేవాళ్ల చేతికిచ్చి లోపలికి పంపి, బొట్టు అక్కడే పెట్టుకుని వెళ్లిపోతారు. ఎవరూ అడ్డం నిలబడరు, ఎవరూ ఒక్క మాట అనరు. అయినా వాళ్లు మెట్టెక్కరు. ఎన్ని తరాల భయముంటే మనిషి అట్లా తనంతట తానే ఆగిపోతాడో నేను చాలా ఏళ్లు ఆలోచించనే లేదు.

రెండేళ్ల కింద ఒక శనివారం, భజన అయిపోయి తాళాలు సర్దుతుంటే పెండ్లివాళ్లొచ్చారు. పిల్లగాడు నాతో ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న దోస్తు తమ్ముడు, హైదరాబాద్‌లో ఉద్యోగం. కాయ అందుకుని లోపలికి తెచ్చింది నేనే. కొట్టి చిప్ప తిరిగిచ్చేటప్పుడు నా చెయ్యి పైన, అతని చెయ్యి కింద. అతను నా మొహం చూడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేం బీసీలం. మా తాత దొర గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేతబట్టుకుని నడిచేవాడట. ఆ మాట నాయన చెప్పినప్పుడల్లా నాకు రక్తం ఉడికేది. మరి నేను చేసిందేంటి? ఈ మాట అమ్మతో అంటే ఆమె ఒక్కటే అడిగింది, "ఉద్దాలు నెత్తిన పెట్టుకుంటిమి గద బిడ్డా, ఆ చేతులోళ్లు గుళ్లెకొస్తె ఏమైతది?"

తర్వాత ఆ వాడలో ఇంకో పెండ్లి కుదిరితే ముందే వాళ్లింటికి పోయాను. మీకు లోపలికి రావాలనుంటే నేను పక్కన ఉంటానన్నాను. వాళ్ల తరఫున నేను నిర్ణయించడం తప్పు, ఎందుకంటే గొడవైతే కూలి పని పోయేది వాళ్లకు, రాత్రంతా టెన్షన్ పడేది వాళ్లు. పిల్లగాని తల్లి రెండు రోజులు ఆలోచించి సరే అంది. అందరం కలిసే మెట్లెక్కాం. పూజారి తీర్థం ఇచ్చాడు, ఏమీ అనలేదు. మాటలన్నీ తర్వాత మొదలయ్యాయి. భజనకు నన్ను పిలవడం మానేశారు, మా చిన్నాయన మా గడప తొక్కడం లేదు. పుణ్యం కావాలంటే అన్నదానం చెయ్యి, ఈ రాజకీయం నీకెందుకు అన్నారు.

అన్నదానం నేనూ చేస్తాను, కానీ అందులో కూడా నా చెయ్యి పైనే ఉంటుంది కదా. ఇక రాజకీయం అంటారా, 2018 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుడి అర్చకులు రంగరాజన్ గారు ఒక దళిత భక్తుణ్ని భుజాల మీద ఎక్కించుకుని జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి తీసుకుపోయారు. శ్రీరంగంలో అంటరానివాడని దూరం పెట్టిన భక్తుడు తిరుప్పాణాళ్వారును అర్చకుడు లోకసారంగముని భుజాన మోసి గుళ్లోకి తెచ్చిన కథ మనవాళ్లు ఎప్పట్నుంచో చెప్పుకుంటున్నదే, ఆయన దాన్ని చేసి చూపించారు. భుజాన మోసేంత పని నాకు పడలేదు. పక్కన నడిచాను, అంతే.

కులం పేరుతో గుడిలోకి రానివ్వకపోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. ప్రతి నెలా 30న పౌరహక్కుల దినం అని, ఈ హక్కుల గురించి చెప్పడానికి అధికారులు ఏదో ఒక ఊరికి వస్తారు. మా ఊరికొచ్చినప్పుడు వాడవాళ్లు తప్ప మాలాంటివాళ్లం ఒక్కరం కూడా పోలేదు, నాతో సహా. అది దళితుల మీటింగ్ అనుకున్నాం. హనుమాన్ మాల వేసేవాళ్లు, అయ్యప్పలు, భజన మండళ్లవాళ్లు ఈసారి మీ ఊళ్లో జరిగితే పోయి వాళ్ల మధ్యలో కూర్చోండి. తర్వాత ఆ రోజే వాళ్లతో కలిసి గుడికి నడవండి. నేను బతిమాలుకుంటున్నాను.

ఈ కార్తీకంలో ఉద్దాల రోజు మా ఇంటి నుంచి ట్రాక్టర్ పోతోంది. ఆ పెండ్లిపిల్లగాని తల్లిని మా అమ్మే పోయి పిలిచింది. వస్తానంది.

– ఒక పాఠకుడు, దేవరకద్ర, మహబూబ్‌నగర్ జిల్లా